రెయిడ్‌లో లూట్ పంపకం: మీ గుంపుకి ఏ పద్ధతి నప్పుతుంది?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో మోల్టెన్ కోర్ రెయిడ్ అనుకోండి, అంటే నలభై మంది కలిసి బాస్‌లని (పెద్ద శత్రువులని) ఒక్కొక్కరినే చంపుతూ వెళ్లే దండయాత్ర. ఆ బాస్‌లలో ఒకడైన బారన్ గెడన్ పడిపోయాడు. శవం తెరిస్తే లూట్‌లో, అంటే దక్కే వస్తువుల్లో, ఎప్పుడో గానీ రాని విండ్‌సీకర్ బైండింగ్ కనిపించింది. థండర్‌ఫ్యూరీ కత్తికి కావలసిన రెండు సగాల్లో ఇదొకటి. నలభై మందిలో అయిదుగురు వారియర్లు, ఇద్దరు రోగ్‌లు (ఇవి ఆటలో పాత్రల రకాలు) ఎవరూ అడక్కముందే రోల్ కొట్టేశారు, అంటే చాట్ కమాండ్‌తో పాచిక వేసినట్టు 1 నుంచి 100లోపు అంకె వేశారు. గార్ అనే ఇంకో బాస్ దగ్గర పడే రెండో సగం పోయిన నెలలోనే ట్యాంక్‌కి (ముందు నిలబడి బాస్ దెబ్బలు కాచుకునేవాడికి) వెళ్లింది. థండర్‌ఫ్యూరీ కత్తి తయారవ్వాలంటే రెండు సగాలూ ఒక్కరి దగ్గరే ఉండాలి. ఇప్పుడు 98 పడ్డ రోగ్ దీన్ని తీసుకుంటే, చెరో సగం ఇద్దరి బ్యాంకుల్లో నెలల తరబడి మూలుగుతుంది. ఇక్కడ మోసం చేసినవాళ్లు ఎవరూ లేరు, రోల్ కూడా సరిగ్గానే పడింది. ఏ పద్ధతిలో పంచుతారో ముందు చెప్పకపోవడమే ఈ పేచీకి మూలం.

పద్ధతులు అరడజను పైనే ఉన్నాయి, ప్రతిదానికీ వీరాభిమానులూ ఉన్నారు. ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే: వచ్చే వారం కూడా ఇదే జనం వస్తారా? ఇక కలవని వాళ్ల మధ్య పాయింట్లు పెట్టడం దండగ. ప్రతి వారం కలిసేవాళ్ల మధ్య ఉత్త పాచికలు వేస్తే ఆరు వారాల్లో గిల్డ్‌లో (ఎప్పుడూ కలిసి ఆడే సంఘంలో) మనస్పర్థలు మొదలవుతాయి.

ఒక్క రాత్రి గుంపు: రోల్

అప్పటికప్పుడు చాట్‌లో పోగుచేసిన గుంపుకి (దీన్నే పగ్ అంటారు) 1 నుంచి 100 రోల్ చాలు. మెయిన్ స్పెక్ ముందు, ఆఫ్ స్పెక్ తరవాత. అంటే ఆ రాత్రి మీరు ఏ పాత్రలో వచ్చారో దానికి పనికొచ్చే వస్తువుకే మొదటి హక్కు. హీలర్‌గా (గుంపుకి వైద్యం చేసేవాడిగా) వచ్చినవాడు డ్యామేజ్ (శత్రువుని కొట్టే) వస్తువు అడగాలంటే, డ్యామేజ్ వాళ్లంతా వద్దన్నాకే.

ఇందులో తప్పులు జరిగేది రోల్ దగ్గరే. చాట్‌లో అంకె పక్కన బ్రాకెట్లో 1-100 అని ఉందో లేదో చూడండి. కమాండ్‌కి హద్దులు మార్చి 50-100 అని కొట్టేవాళ్లు ఉంటారు, హడావిడిలో ఎవరూ గమనించరు. ఒకే మనిషి రెండుసార్లు కొడితే మొదటిదే లెక్క. పక్కన నిలబడ్డ బయటివాళ్ల రోల్ కూడా చాట్‌లో కనబడుతుంది కాబట్టి పేరు రెయిడ్ జాబితాలో ఉందో లేదో సరిచూసుకోండి. రోల్‌కి పదిహేను సెకన్ల గడువు చెప్పి, చివరి అయిదు సెకన్లు లెక్కపెట్టండి. సమానం వస్తే ఆ ఇద్దరే మళ్లీ కొట్టాలి.

ఒకడికే నాలుగు వస్తువులు పడటం రోల్‌లో మామూలే. అది కంటగింపుగా ఉంటే ప్లస్ వన్ పెట్టండి: మెయిన్ స్పెక్‌లో ఒకటి గెలిచినవాడు, ఒక్కటీ గెలవనివాళ్ల తరవాతే తరవాతి వస్తువుకి పోటీ పడాలి. దీనికో చిక్కు ఉంది. రెండో బాస్ దగ్గర చిన్న ఉంగరం గెలిచినవాడు చివరి బాస్ రాగ్నరోస్ దగ్గర పెద్ద కత్తికి వెనకపడతాడు. అందుకని జనం చిన్నవాటిని వదిలేస్తారు, వాటిని పగలగొట్టేస్తారు, అవి నెక్సస్ క్రిస్టల్స్ అయిపోతాయి. పగ్‌లో అదీ ఫర్వాలేదు, ఎలాగూ ఒక్క రాత్రి ముచ్చటే.

సగం పరిచయస్తులు, సగం కొత్తవాళ్లు: సాఫ్ట్ రిజర్వ్

ఈ రోజుల్లో వారాంతపు పగ్‌లకి దీన్ని మించింది లేదన్నది మా అభిప్రాయం. రెయిడ్ మొదలయ్యే ముందే ఒక్కొక్కరు ఒకటో రెండో వస్తువులు రాసుకుంటారు. అది పడితే, రాసుకున్నవాళ్ల మధ్యే రోల్. ఎవరూ రాసుకోనిది పడితే మామూలు మెయిన్ స్పెక్ రోల్. బాండ్ ఆఫ్ అక్యూరియా ఉంగరం కోసం ఎనిమిదిమంది రాసుకున్నారని ముందే కనబడుతుంది కాబట్టి, తెలివైనవాడు పోటీ తక్కువున్న వస్తువు వైపు జరుగుతాడు. గొడవ రెయిడ్‌కి ముందే, ఎవరూ నోరు విప్పకుండానే, సగం తీరిపోతుంది.

ఇది చెడేది మూడు చోట్ల. మొదటిది, జాబితాకి తాళం. మొదటి బాస్‌ని కొట్టే ముందు లీడర్ జాబితా మూసేసి లింకు చాట్‌లో వెయ్యాలి. తెరిచి ఉంచితే వస్తువు పడ్డాక మార్చారన్న అనుమానం వస్తుంది, దాన్ని పోగొట్టడం ఎవరి తరమూ కాదు. రెండోది, మధ్యలో వచ్చినవాళ్లు. వెళ్లిపోయినవాడి రిజర్వ్ వాడితోనే పోతుంది. కొత్తగా వచ్చినవాడు ఇంకా చంపని బాస్‌ల వస్తువులే రాసుకోవాలి. మూడోది, హార్డ్ రిజర్వ్, అంటే రోల్‌కి పెట్టకుండా ముందే పక్కనపెట్టేసిన వస్తువు. బైండింగ్‌లు, రాగ్నరోస్ దగ్గర పడే సల్ఫరాస్ కన్ను, గోలెమాగ్ దగ్గర పడే సల్ఫ్యూరాన్ ఇంగాట్లు లీడర్ తనకే ఉంచుకోవడం తప్పేం కాదు. నలభై మందిని పోగుచెయ్యడం, గంటలకొద్దీ దారి చెప్పడం ఊరికే అయ్యే పని కాదు మరి. కానీ ఆ మాట ఆహ్వానం పంపేటప్పుడే చెప్పాలి. లోపలికొచ్చాక చెబితే దాన్ని దోపిడీ అనే అంటారు.

వరసగా కలిసే గుంపైతే బోనస్ జోడించవచ్చు. రాసుకున్న వస్తువు పడీ గెలవకపోయినా, అసలు పడకపోయినా, వచ్చే వారం రోల్‌కి 10 కలుపుతారు. పది అంటే ఎంత తేడా అని చాలామందికి తెలియదు. ఇద్దరే పోటీ పడితే, 10 బోనస్ ఉన్నవాడు గెలిచే అవకాశం దాదాపు 59 శాతం. 30 ఉంటే 75, 50 ఉంటే 87. అంటే అయిదు వారాలు ఓపిక పట్టినవాడికి వస్తువు దాదాపు ఖాయం, అయినా నిన్న చేరినవాడికి ఆశ పూర్తిగా చావదు. బోనస్ 25 చొప్పున పెడితే నాలుగు వారాలకే ఇది వంతుల పద్ధతి అయిపోతుంది, కొత్తవాళ్లు రావడం మానేస్తారు. వస్తువు మార్చి రాసుకుంటే బోనస్ సున్నా నుంచి మొదలని కూడా ముందే రాసిపెట్టండి.

ప్రతి వారం అదే జనం: పాయింట్లు

1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో నాగఫెన్, వాక్స్ అనే రెండు డ్రాగన్లు ఉండేవి. ఒక్కసారి చంపితే పడే నాలుగు వస్తువులకి డజన్లకొద్దీ జనం. ఆ పంపకం కోసం పుట్టిందే డీకేపీ, అంటే డ్రాగన్‌ని చంపినందుకు పాయింట్లు. వచ్చినందుకు పాయింట్లు పడతాయి, వస్తువు తీసుకుంటే ఖర్చవుతాయి. ఇంతకన్నా తేలిగ్గా అర్థమయ్యేది లేదు. రోగం కూడా అంత తేలిగ్గానే కనబడుతుంది: దాచుకోవడం. ఏడాదిగా వస్తున్నవాడి దగ్గర 2,000 పాయింట్లు ఉంటే కొత్తవాడు ఆరు నెలలు వచ్చినా వాడిని దాటలేడు. ఆ 2,000 ఉన్నవాడేమో పెద్ద కత్తి కోసం చూస్తూ మధ్యరకం చొక్కాలన్నీ వదిలేస్తాడు, రెయిడ్ బలం పెరగదు. పాయింట్లతో పాట పాడే వేలం డీకేపీలో ఇంకో తంతు. ముగ్గురు రోగ్‌లు లోపల్లోపల కూడబలుక్కుని, నువ్వు ఇది తీసుకో నేను అది తీసుకుంటా అని కనీస ధరకే పాడేస్తారు. అలాంటిది కనబడితే వేలం ఆపి వస్తువులకి స్థిర ధర పెట్టడం మంచిది.

ఆ దాచుకునే రోగానికి మందు ఈపీజీపీ. వచ్చినందుకు, కష్టపడినందుకు ఈపీ (ఎఫర్ట్ పాయింట్లు). తీసుకున్న గేర్‌కి, అంటే ఆయుధాలు, కవచాల్లాంటి వస్తువులకి, జీపీ (గేర్ పాయింట్లు). మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే అంకె ఎవరిది పెద్దదైతే వస్తువు వాళ్లది. ఒక మేజ్ (మంత్రగాడి పాత్ర) దగ్గర ఈపీ 1200, జీపీ 400 ఉన్నాయనుకోండి, అంకె 3. ఇంకొకామె దగ్గర ఈపీ 600, జీపీ 150, అంకె 4. ఈపీ సగమే ఉన్నా తీసుకున్నది తక్కువ కాబట్టి వస్తువు ఆమెదే. దాని ధర 100 జీపీ అయితే ఆమె అంకె 600ని 250తో భాగించి 2.4కి పడిపోతుంది, తరవాతి వస్తువు మేజ్‌కి. ఎంత పాడాలన్న తర్జనభర్జన లేదు, వరస అందరికీ కనబడుతూనే ఉంటుంది.

రెండు మరలు సరిగ్గా బిగించాలి. మొదటిది కనీస జీపీ. ఏమీ తీసుకోనివాడి జీపీ సున్నా, సున్నాతో భాగించలేం, కాబట్టి అందరికీ కొంత జీపీ ముందే కలుపుతారు. అది మరీ చిన్నదిగా, 10 అని పెడితే, మొదటి రాత్రి 100 ఈపీ సంపాదించినవాడి అంకె 10 అయి ఏడాదివాళ్లందరి నెత్తినా కూర్చుంటాడు. 100 పెడితే వాడి అంకె 1. రెండోది వారం వారం తరుగు, సాధారణంగా 10 శాతం. ఈపీ, జీపీ రెండూ ఒకే శాతం తగ్గితే వరస తారుమారు కాదు, పాత నిల్వల బరువు తగ్గుతుందంతే. ఈ సంగతి మొదటి వారమే వివరించకపోతే “నా పాయింట్లు కోసేశారు” అన్న ఫిర్యాదు ఖాయం.

లెక్కలంటే గిట్టని గుంపుకి సూసైడ్ కింగ్స్ ఉంది. ఒక జాబితా, వరస చీటీలు తీసి నిర్ణయిస్తారు. అడిగినవాళ్లలో పైనున్నవాడికి వస్తువు, తీసుకున్నాక వాడు అట్టడుక్కి. రానివాళ్ల స్థానం కదలదు, ఇదే కీలకం. అయిదుగురున్న జాబితాలో రెండోవాడు, అయిదోవాడు రాలేదనుకోండి. మొదటివాడు వస్తువు తీసుకుంటే వాడు నాలుగో స్థానానికి వెళ్తాడు, మూడోవాడు మొదటికి, నాలుగోవాడు మూడుకి వస్తారు. రాని ఇద్దరూ ఉన్నచోటే. దీన్ని కాగితం మీద రాయకుండా నోటి లెక్కలో నడిపితే రెండో బాస్‌కే తప్పిపోతారు.

ఇక్కడ మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడేవాళ్లకి యూరప్ సర్వర్ రాత్రి ఎనిమిది గంటల రెయిడ్ అంటే వేసవిలో మన 11:30, చలికాలంలో 12:30. అమెరికా తూర్పు తీరం ఎనిమిదంటే మనకి మర్నాడు తెల్లవారుజాము 5:30 లేదా 6:30. సిడ్నీ ఎనిమిదంటే మధ్యాహ్నం 2:30 లేదా 3:30, సరిగ్గా ఆఫీసు వేళ. వారానికి రెండు రెయిడ్లు పెట్టే గిల్డ్‌లో ఒక్కదానికే రాగలిగితే డీకేపీలో ఎప్పటికీ వెనకే ఉంటారు. ఈపీజీపీలో తక్కువ వస్తువులు వచ్చినా దామాషా ప్రకారం వస్తాయి. సూసైడ్ కింగ్స్‌లో మీ చోటు మీకోసం ఆగుతుంది. గిల్డ్‌లో చేరేముందు రెయిడ్ టైము ఎలాగూ అడుగుతారు, దాంతోపాటు లూట్ పద్ధతీ అడగండి.

లూట్ కౌన్సిల్

ముగ్గురో అయిదుగురో పెద్దలు కూర్చుని ఈ వస్తువు ఎవరికిస్తే రెయిడ్‌కి ఎక్కువ లాభమో తేలుస్తారు. కష్టమైన బాస్‌లని త్వరగా దించాలన్న గిల్డ్‌కి దీన్ని మించింది లేదు. మొదట్లో చెప్పిన బైండింగ్ ఇక్కడైతే సందేహం లేకుండా ట్యాంక్‌కే వెళ్లేది. బ్లాక్ టెంపుల్ రెయిడ్‌లో ఇల్లిడాన్ దగ్గర పడే రెండు వార్‌గ్లేవ్ కత్తులదీ అదే కథ. కుడిచేతిదీ ఎడమచేతిదీ ఒకరి దగ్గర చేరితేనే సెట్ బోనస్.

అయితే వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత పుట్టింది ఇలాంటి చోట్లకే. ఆఫీసర్ మరదలి హంటర్‌కి మొదటి వారమే విల్లు దొరికితే, తీర్పు న్యాయమైనదైనా ఎవరూ నమ్మరు. కౌన్సిల్ పెట్టేవాళ్లు కనీసం ఇవి చెయ్యాలి: పోటీలో ఉన్నవాళ్లు ఆ వస్తువు మీద ఓటు వెయ్యకూడదు. కౌన్సిల్‌లో వేరువేరు పాత్రలవాళ్లు ఉండాలి. ఎవరికి ఏ వారం ఏమిచ్చారో అందరూ చూడగల షీట్‌లో, కారణం ఒక వాక్యంతో సహా రాయాలి. నిర్ణయం రెండు నిమిషాల్లో రాకపోతే వస్తువు పక్కనపెట్టి ముందుకి సాగాలి. నలభై మందిని నిలబెట్టి అయిదుగురు మంతనాలాడటం కూడా మర్యాద తప్పడమే. ఈ షరతులు పాటించే ఓపిక లేకపోతే కౌన్సిల్ జోలికి పోకండి, ఈపీజీపీ పెట్టుకోండి.

బంగారంతో పాట: జీడీకేపీ

చీటీ పాట తెలిసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వస్తువుని గేమ్ బంగారంతో పాడతారు, ఎక్కువ పాడినవాడికి దక్కుతుంది, ఆ సొమ్మంతా చివర్లో అందరికీ సమానంగా పంచుతారు. నలభై మంది రెయిడ్‌లో 20,000 బంగారం పోగైంది, నిర్వాహకులు 5 శాతం ఉంచుకున్నారనుకోండి. మిగిలిన 19,000లో మనిషికి 475. వస్తువు దొరకనివాడు కూడా ఉత్తచేతులతో పోడు, అందుకే చివరి బాస్ దాకా జనం నిలబడతారు.

పాట ఎంతవరకు సాగుతుందో నిర్ణయించేది జేబు. ఆ జేబు నింపడానికి అసలు డబ్బుతో బంగారం కొనేవాళ్లు తయారవుతారు. 2024 ఫిబ్రవరిలో, క్లాసిక్‌లోని సీజన్ ఆఫ్ డిస్కవరీ రెండో దశ నుంచి, ఆట తయారుచేసిన బ్లిజార్డ్ జీడీకేపీని నిషేధించింది, అదే ఏడాది నవంబర్‌లో తెరిచిన 20వ వార్షికోత్సవ సర్వర్లలోనూ అదే నియమం పెట్టింది. అలాంటి చోట్ల ఆహ్వానం వచ్చినా వెళ్లకండి, ఖాతాకే ముప్పు. అనుమతి ఉన్నచోట కూడా కనీస పాట, పెంచాల్సిన మెట్టు, నిర్వాహకుల వాటా, మధ్యలో వెళ్లిపోయినవాడి వాటా, ఈ నాలుగూ రాతలో చూశాకే అడుగు పెట్టండి.

లాస్ట్ ఆర్క్‌లో ఇలాంటి పాట ఆటలోనే ఉంది. గెలిచినవాడు కట్టింది మిగతావాళ్లకి సమానంగా వెళ్తుంది. న్యాయమైన పాటకి లెక్క తేలిక: మార్కెట్ ధరలోంచి 5 శాతం రుసుము తీసేసి, నలుగురైతే మూడు వంతులు, ఎనిమిదిమందైతే ఎనిమిదిలో ఏడు వంతులు. పదివేల వస్తువుకి నలుగురిలో 7,125 పాడితే గెలిచినవాడికీ మిగతా ముగ్గురికీ సరిగ్గా 2,375 చొప్పున మిగులుతుంది. అమ్ముకోవడానికి అంతకు మించి పాడితే మీ లాభం పక్కవాళ్లకి పంచినట్టే. సొంతానికి కావాలంటే అది వేరే సంగతి.

ఆటే పంచేస్తే?

గిల్డ్ వార్స్ 2లో ఎవరి లూట్ వాళ్లకే పడుతుంది, పేచీకి తావే లేదు. వార్‌క్రాఫ్ట్ అసలు ఆటలో 2018లో బాటిల్ ఫర్ అజెరోత్ విస్తరణతో మాస్టర్ లూటర్‌ని (వస్తువులన్నీ తన చేత్తో పంచే ఒక్క మనిషిని) తీసేసి అందరికీ పర్సనల్ లూట్ పెట్టారు. 2022లో డ్రాగన్‌ఫ్లైట్‌తో రెయిడ్లలో మళ్లీ నీడ్ (అవసరం), గ్రీడ్ (అవసరం లేకున్నా కావాలి) రోల్ వచ్చింది. పర్సనల్ లూట్ ఉన్నచోట “అది నాకిస్తావా” అని అడిగే మర్యాద ఒకటుంది: ఒక్కసారి, చాట్‌లో, అందరి ముందు. విడివిడిగా నలుగురికి విష్పర్లు (చాటు సందేశాలు) పంపడం అడుక్కోవడం కిందకొస్తుంది.

ఫైనల్ ఫాంటసీ 14 ఆడేవాళ్లు తరచుగా మరిచేది వేరే. కొత్త సావేజ్ (బాగా కష్టమైన స్థాయి) రెయిడ్లలో చాలాకాలం ఒక నియమం నడిచింది: ఆ వారం అప్పటికే గెలిచినవాళ్లు ఒకరి నుంచి నలుగురి దాకా గుంపులో ఉంటే రెండు లూట్ పెట్టెలకి బదులు ఒకటే వచ్చేది, అయిదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే ఒక్కటీ వచ్చేది కాదు. అలాంటి నియమం ఉన్నచోట, సాయం చేద్దామని వచ్చేవాడు తాను ఆ వారం గెలిచేశానన్న మాట ముందే చెప్పాలి. లేకపోతే సాయం సంగతి దేవుడెరుగు, ఏడుగురి పెట్టె పోతుంది.

గొడవ జరిగాక

వస్తువు పొరపాటున తప్పు మనిషికి వెళ్లిందనుకోండి. క్లాసిక్ రెయిడ్లలో, అక్కడున్న అర్హులకి రెండు గంటలలోపు దాన్ని ట్రేడ్ చెయ్యవచ్చు. ఆ గడువే మీ ఆయుధం. అందుకున్నవాడు ధరించకుండా, ఎన్‌చాంట్ (మంత్రపు మెరుగు) వెయ్యకుండా సంచిలోనే ఉంచాలి. తరవాతి బాస్‌కి వెళ్లకుండా ఆగి, రాసిన నియమాన్ని చాట్‌లో మళ్లీ వేసి, రోల్స్ ఉన్న చోటికి పైకి జరిపి స్క్రీన్‌షాట్ తియ్యండి. లీడర్ ఒక మాట చెప్పాలి, అంతే. నలభై మంది ముందు పంచాయితీ వద్దు. ఒప్పుకోలేనివాళ్లతో రెయిడ్ అయ్యాక వాయిస్‌లో మాట్లాడండి.

మాస్టర్ లూటర్ కావాలనే తీసుకుని గుంపు వదిలి వెళ్లిపోతే, అదే నింజా. రిపోర్ట్ చెయ్యండి, కానీ వస్తువు తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి. అందుకే ముక్కూ మొహం తెలియని లీడర్ దగ్గర హార్డ్ రిజర్వ్‌లు ఎక్కువగా ఉంటే, నియమాలు చాట్‌లో వెయ్యడానికి సణుగుతుంటే, మొదటి బాస్‌కి ముందే బయటికి రండి. రెయిడ్ మధ్యలో అలిగి వెళ్లడం కన్నా అది వంద రెట్లు మర్యాద.

పగ్ నడిపేవాళ్లు ఆహ్వానాలు పంపేటప్పుడే ఇలాంటి ముక్క ఒకటి చాట్‌లో వేస్తే సరిపోతుంది, అంకెలు మీ ఇష్టం:

“ఒక్కొక్కరికి ఒక సాఫ్ట్ రిజర్వ్, జాబితా ఎనిమిదింటికి మూస్తాం. మిగతావి మెయిన్ స్పెక్ ముందు, ప్లస్ వన్ ఉంది. బైండింగ్‌లు, కన్ను, ఇంగాట్లు హార్డ్ రిజర్వ్. ధరించకముందు అమ్ముకోగల ఎపిక్‌లకి అందరూ రోల్. ఎవరికీ వద్దన్నవి ఎన్‌చాంటర్ పగలగొడతాడు, క్రిస్టల్స్ చివర్లో రోల్. పదిహేను సెకన్లు, మొదటి రోల్ లెక్క. లింక్ తెగితే అయిదు నిమిషాలు ఆగుతాం.”